ఒంటుడు, మిట్టుడు, అలొహొమోరా

హ్యారీ పోటర్ కథల్లో తాళం వేసిన తలుపును తెరిచే మంత్రం ‘అలొహొమోరా’. ఆ మాట వినగానే హవాయి దీవుల పలకరింపు ‘అలోహా’ గుర్తొచ్చి, అదే మూలమనుకున్నవాళ్లు చాలామంది. 2008లో న్యూయార్క్‌లో ఒక కేసు విచారణకు వచ్చినప్పుడు రచయిత్రి జె.కె. రౌలింగ్ అసలు సంగతి చెప్పింది. అది పశ్చిమాఫ్రికాలోని సిదికీ అనే భాష నుంచి తెచ్చుకున్న మాట. ఇసుకలో చుక్కలు పెట్టి, గీతలు కలిపి జోస్యం చెప్పేవాళ్లు వాడేది. అర్థం ‘దొంగలకు అనుకూలం’.

మా పాపకు పదకొండేళ్లు. కువైట్‌లో పుట్టి, సాల్మియాలో పెరుగుతోంది. ఈ సంగతి చెప్పగానే పుస్తకం పక్కన పెట్టి, “అయితే నాయనా, మన ఊరి పేరు గూడా దొంగలదే గదా?” అంది. అవును. ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు దొంగలు దారి కాచి దోచిన సొమ్మును ఒంటిమిట్ట గుట్టల్లో దాచేవాళ్లనీ, తర్వాత మనసు మారి కోదండరాముడి గుడికి పాటుపడ్డారనీ, ఊరికి వాళ్ల పేరే నిలిచిందనీ మా వైపు పిల్లలు ఉగ్గుపాలతో పాటు వింటారు. మిట్ట మీద ఒంటిగా ఉన్న గుడి కాబట్టి ఒంటిమిట్ట అయిందనేవాళ్లూ ఉన్నారు. చదువుకున్నవాళ్లు ఈ రెండో మాటనే ఒప్పుకుంటారు. నాకు మాత్రం మొదటిదే ఇష్టం. ఇద్దరు దొంగల పేర్లను రాముడి ముంగిట్లో పెట్టుకుని ఇన్ని వందల ఏళ్లుగా పిలుచుకుంటున్న ఊరు నాది అని చెప్పుకోవడం నాకు గర్వం.

ఆ ఇసుక జోస్యం ఒక్క ఆఫ్రికాదే కాదు. ఇసుకను అరబ్బీలో ‘రమ్ల్’ అంటారు. ఇసుక మీద గీసి చెప్పే ఈ విద్య అరబ్బుల చేతుల మీదుగా నలుమూలలకూ పోయింది. మన దేశానికి వచ్చి, సంస్కృతంలో పుస్తకాలు రాయించుకుని ‘రమల శాస్త్రం’ అయింది. నేనున్న ఈ దేశమంతా ఇసుకే. ఒక ఆంగ్ల పిల్లల పుస్తకంలోని తలుపు మంత్రం ఈ ఇసుక దాకా వచ్చి, ఇక్కడి నుంచి కడప జిల్లాలో ఒక మిట్ట దగ్గరికి మమ్మల్ని తీసుకుపోవడం పాపకు తెగ నచ్చింది. అప్పటి నుంచి ఒక నోటుపుస్తకం పెట్టింది. ఎడమ పేజీలో రౌలింగ్ మంత్రం, కుడి పేజీలో దాని పుట్టుక.

రౌలింగ్ ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచితో పాటు గ్రీకు, రోమన్ సాహిత్యం చదువుకుంది. ఆ చదువు ఎక్కడికీ పోలేదు. లాటిన్‌లో వెలుగు ‘లూమెన్’; దాని నుంచి దీపం వెలిగించే ‘ల్యూమోస్’. రాత్రి ‘నాక్స్’, ఆ మాటే దీపం ఆర్పే మంత్రం. ‘ఎక్స్‌పెల్లియార్మస్’లో సగం తరిమేయడం, సగం ఆయుధాలు. ‘క్రూసియో’ అంటే హింసిస్తున్నాను. ‘ఇంపెరియో’ వెనక ఏలుబడి ఉంది. ‘సెక్టమ్‌సెంప్రా’లో కోత ఒకటి, ఎప్పటికీ అనేది ఒకటి. దూరంగా ఉన్న వస్తువును చేతిలోకి రప్పించే ‘ఆక్సియో’ అయితే పూర్తిగా లాటిన్ క్రియే: రప్పిస్తున్నాను, పిలుస్తున్నాను.

నాకు అర్థమైనది ఇంతే. ఒకప్పుడు రోమ్ నగరంలో పాలమ్మేవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు, పిల్లల్ని కేకలేసేవాళ్లు వాడిన మాటలివి. ఇంట్లోంచి బయటికి పోయి, చాలాకాలం ఎవరి నోటా లేకుండా ఉండి, మళ్లీ వినపడేసరికి మంత్రాలయ్యాయి. మొదటి పుస్తకం 1997లో వచ్చింది. 2003లో పీటర్ నీడమ్ దాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. ఆ లాటిన్ పుస్తకం చదివేవాడికి మంత్రానికీ, పక్కనున్న మామూలు వాక్యానికీ మధ్య గోడ ఎంత పలుచన! ఇంగ్లీషు పిల్లవాడికి ఒళ్లు జలదరించే చోట వాడు మామూలు మాట చదువుకుని పోతాడు.

ఇలాంటి పని మన వైపు ఇంకా పకడ్బందీగా జరిగింది. వాల్మీకి రామాయణం బాలకాండ తెరవండి. సరయూ తీరంలో విశ్వామిత్రుడు రాముడికి బల, అతిబల అనే విద్యలు ఇస్తాడు. వాటితో అలుపు రాదు, జ్వరం తగలదు, ఆకలిదప్పులు బాధించవు. తాటక చనిపోయాక అస్త్రాలన్నీ ఇస్తాడు. వాటి పేర్లు వినండి. శోషణం ఎండగడుతుంది. వర్షణం కురిపిస్తుంది. సంతాపనం కాలుస్తుంది. ప్రస్వాపనం నిద్రపుచ్చుతుంది. ఏ పేరుకు ఆ పేరు, చేసే పనిని కడుపులో దాచుకున్న మాట. రౌలింగ్ లాటిన్ ధాతువులతో చేసిందీ ఇదే. శోషణం గురించి ఫోన్‌లో చెబితే మా అమ్మ, “శోష వచ్చి పడిపోయినాడు అంటాం గదా, అదే గదరా” అంది. సంస్కృతం ఒక్క ముక్క రాని మా అమ్మ అస్త్రాన్ని అలా ఇంట్లోకి తెచ్చి పెట్టింది.

ఆ సర్గల్లో నన్ను కట్టిపడేసేది ఇంకోటి ఉంది. అస్త్రాలన్నీ అందుకున్నాక రాముడు ఊరుకోడు. వీటిని వెనక్కి తీసుకోవడం ఎలాగో కూడా చెప్పండి అని అడుగుతాడు. వదలడం నేర్చినవాడు ఉపసంహారం కూడా నేర్చుకోవాలని ఆ వయసులోనే తోచిందతనికి. మహాభారతంలో అశ్వత్థామ దగ్గర ఆ రెండో సగం లేదు. వదిలిన అస్త్రాన్ని తిరిగి పిలవలేక పాండవుల వంశం మీదికి తోశాడు. హ్యారీ పోటర్ లోకంలోనూ మంత్రాలకు విరుగుళ్లు ఉన్నాయి, నడుస్తున్న మంత్రాన్ని ఆపేసే ‘ఫినిటె ఇంకాంటాటెమ్’ ఉంది. మళ్లీ బాలకాండకు వస్తే, అస్త్రాలు రూపం దాల్చి చేతులు కట్టుకుని నిలబడితే, నా మనసులో ఉండండి, తలిచినప్పుడు రండి అని పంపేస్తాడు రాముడు. అలా పైకి పలకకుండా మంత్రం వేయడాన్ని హ్యారీ చదివే మంత్రాల బడి హాగ్వార్ట్స్‌లో పిల్లలు ఆరో ఏడాది గానీ నేర్చుకోరు.

ఒంటిమిట్ట రాముడు ఈ రాముడే. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు. అందుకే ఏకశిలానగరం అనే పేరు. పక్కన హనుమంతుడు ఉండడు. ఇంకా ఆయన్ని కలుసుకోక ముందటి రాముడు, మునుల యాగాలు కాయడానికి విల్లు పట్టుకుని వచ్చినవాడు అని మా పెద్దలు చెబుతారు. ఆ అస్త్రాల సర్గలతో సహా వాల్మీకినంతా తెలుగు పద్యాల్లోకి దించి, ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్న వావిలికొలను సుబ్బారావు (1863–1936) కూడా మా జిల్లావాడే. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేసినవాడు, అన్నీ వదులుకుని, పాడుబడుతున్న ఈ గుడి కోసం టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా బిచ్చమెత్తాడు. ఆ చిప్ప మీద శతకం కూడా రాశాడు. అంత చదువు చదివిన మనిషి అలా తిరిగాడంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

పలకడం దగ్గరికి వద్దాం. ఈకను గాల్లోకి లేపే పాఠంలో ‘వింగార్డియమ్ లెవియోసా’ను హ్యారీ స్నేహితుడు రాన్ తప్పు పలికితే తోటి పిల్ల హెర్మయనీ దిద్దుతుంది. ఒక మాంత్రికుడు ఒక్క అక్షరం మార్చి పలికినందుకు గుండెల మీద ఎనుబోతుతో నేల మీద పడ్డాడని మాస్టారు హెచ్చరిస్తాడు. పిల్లలు అక్కడ పకపకా నవ్వుతారు. మా పాప నవ్వుతుంటే నేను వృత్రాసురుడి కథ చెప్పాను. కొడుకును చంపిన ఇంద్రుడి మీద పగతో త్వష్ట హోమం చేశాడు. ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని పలకబోయి ‘ఇంద్రశత్రు’ అనే సమాసంలో స్వరం తప్పాడు. అక్షరం మారలేదు, ఎత్తు పల్లం మాత్రమే మారింది. ఇంద్రుడు ఎవణ్ణి చంపుతాడో వాడు పుట్టాడు. వేదం నేర్చుకునే పిల్లలకు ఈ కథ మొదట్లోనే చెబుతారు.

ఇక్కడ కువైట్‌లోనూ ఆ భయం ఉంది. పుస్తకపు అరబ్బీలో గుండెకు ‘ఖల్బ్’, కుక్కకు ‘కల్బ్’. మొదటిది గొంతు లోపలి నుంచి రావాలి. మనవాళ్ల నోట రెండూ ఒకటే అయిపోతాయి. అయితే కువైట్ ఇళ్లలో మాట్లాడుకునేటప్పుడు గుండె ‘గల్బ్’, కుక్క ‘చల్బ్’. ఇంటి భాష ఆ ఆపదను తనంతట తానే తొలగించుకుంది. పుస్తకానికీ ఇంటికీ మధ్య ఉన్న ఈ ఎడంలోనే మంత్రాలు పుడతాయని నా నమ్మకం. ఆలీబాబా గుహ ముందు చెప్పే మాట అరబ్బీలో ‘ఇఫ్తహ్ యా సిమ్‌సిమ్’. ఇఫ్తహ్ అంటే తెరువు, సిమ్‌సిమ్ అంటే నువ్వులు. ఆ కథను 1709లో పారిస్‌లో అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ అనే యువకుడు చెబితే ఆంత్వాన్ గలాన్ తన వెయ్యిన్నొక్క రాత్రుల ఫ్రెంచి అనువాదంలో చేర్చాడు. ఆ మాటలే పేరుగా 1979లో అరబ్బు పిల్లల కోసం టీవీ కార్యక్రమం తయారైంది, అదీ కువైట్‌లోనే. కానీ కువైట్ ఇంట్లో తలుపు తీయమనడానికి ‘బత్తిల్’ అంటారు, మనం వాకిలి తీ అన్నట్టు. ‘ఇఫ్తహ్’ అనేసరికి అది గుహ ముందరి మాటైపోతుంది.

అన్ని మంత్రాలకూ అర్థం చిక్కదు. రౌలింగ్ పుస్తకాల్లో ప్రాణం తీసే మంత్రం ‘అవడా కెడావ్రా’. దాని మూలం అరమాయిక్ అనీ, అబ్రకదబ్ర అనే పాత మాట అదేననీ ఆమె 2004లో ఎడిన్‌బరా పుస్తకాల పండగలో చెప్పింది. ఆమె చెప్పిన ప్రకారం ఒకప్పుడు దాన్ని రోగాన్ని నాశనం చేయడానికి వాడేవాళ్లు. ఆమె దాన్ని మనిషి మీదికి తిప్పింది. లాటిన్‌లో సెరెనస్ సామ్మోనికస్ రాసిన పాత వైద్య గ్రంథంలో అబ్రకదబ్ర ఉంది. ఆ మాటను ఒక వరసలో రాసి, కింద వరసల్లో ఒక్కో అక్షరం తగ్గిస్తూ పోయి, చివరికి ఒక్క అక్షరం మిగిలాక మెడలో కట్టుకుంటే జ్వరం కూడా అలాగే తగ్గుతుందట.

మా ఊళ్లలో రాగిరేకు మీద అక్షరాలు రాయించి కట్టే రక్షరేకు, దర్గాలో మంత్రించి ఇచ్చే తాయెత్తు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. తాయెత్తు అనే మాటే అరబ్బీ ‘తఅవీజ్’ నుంచి వచ్చింది. శరణు కోరడం అనే అర్థంలోంచి. కడప పెద్ద దర్గా ముందు చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడిన తల్లికి ఆ అరబ్బీ ధాతువు తెలియదు. శరణు కోరడం మాత్రం తెలుసు. పూజలో అంగన్యాసం చేస్తూ ‘అస్త్రాయ ఫట్’ అన్నప్పుడు మనలో ఎంతమందికి ఆ ‘ఫట్’ ఏమిటో తెలుసు? ఎవరూ అడగరు. అడగకపోవడంలోనే దానికి బలం ఉంది. మంత్రాలకు చింతకాయలు రాలవని సామెత చెప్పే నోటితోనే బిడ్డకు దిష్టి తీస్తాం. దాన్ని రెండు నాల్కల తనమని నేననను. తెలిసిన మాటలు చాలనప్పుడు మనిషి తెలియని మాటను పట్టుకుంటాడు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, మా తాలూకాల్లో లక్షల బతుకులు ఒక తెలియని మాట మీద నడుస్తున్నాయి. రాజంపేట, రాయచోటి, కోడూరు, నందలూరు, ఏ పల్లెకు పోయినా కువైట్‌కు పోయినవాళ్లు ఉంటారు. ఒక్క అరబ్బీ అక్షరం రాని ముసలమ్మ నోట ‘అకామా’ అనే మాట మాత్రం చక్కగా పలుకుతుంది. ఉండటానికి ఇచ్చే అనుమతి అది. అకామా కొట్టినారంటే ఆ ఇంట్లో దీపం వెలుగుతుంది. అకామా పోయిందంటే మనిషి ఉన్నా లేనట్టే. పాప నోటుపుస్తకంలో ఎడమ పేజీలో రౌలింగ్ మంత్రాలే ఉండాలని నియమం. నేను మాత్రం అకామాను కూడా రాయించాను.

ఇక ‘ఎక్స్‌పెక్టో పట్రోనమ్’. నన్ను అడిగితే రౌలింగ్ కట్టిన మంత్రాలన్నిటిలోకీ ఇదే గొప్పది. 1999లో వచ్చిన మూడో పుస్తకంలో డిమెంటర్లు అనే పిశాచాలు దగ్గరికి వస్తే మనిషిలో సంతోషమంతా ఇగిరిపోతుంది. అప్పుడు మనసులో అన్నిటికంటే ఆనందమైన జ్ఞాపకాన్ని పట్టుకుని ఈ మంత్రం అనాలి. వెండి వెలుగులో ఒక జంతువు రూపం వచ్చి కాపాడుతుంది. లాటిన్‌లో పట్రోనుస్ అంటే అండగా నిలిచే పెద్ద. దాని మూలం ‘పాటెర్’, తండ్రి. మన పితృ శబ్దానికి తోబుట్టువు. ‘ఎక్స్‌పెక్టో’లో ఉన్నది చూపు. బయటికి చూడటం, రావలసినవాడి దారి వైపు చూడటం. మనం ఎదురుచూడటం అంటాం, అచ్చం అదే. చెరువు అవతలి ఒడ్డున నిలబడి తనను కాపాడింది చనిపోయిన తండ్రే అని హ్యారీ నమ్ముతాడు. తండ్రి లేని పిల్లవాడి చేత తండ్రి కోసం ఎదురుచూస్తున్నాను అనిపించే మంత్రం అది. హిందీ అనువాదంలో దీన్ని ‘పితృదేవ సంరక్షణం’ చేశారు. ఎదురుచూపు జారిపోయింది గానీ తండ్రిని మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

తండ్రులు ఫోన్లలోనూ, ఉత్తరాల్లోనూ, సెలవుల్లోనూ మాత్రమే ఉండే ఊళ్లు మావి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మా నాయన ఇక్కడ డ్రైవరు. నేను చిన్నపిల్లవాణ్ణి. ఉత్తరాలు ఆగిపోయాయి. మా పల్లెలో ఫోన్ లేదు. రేడియోలో వార్తలు వచ్చే వేళకు కువైట్ ఇళ్ల ఆడవాళ్లందరూ ఒకే అరుగు మీదికి చేరేవాళ్లు. మా జేజి మాత్రం వచ్చేది కాదు. సందవేళకు ఒంటిమిట్ట గుడికి నడిచిపోయి, గాలిగోపురం మెట్ల మీద కూర్చుని, రాముడి పేరూ కొడుకు పేరూ కలిపి పైకే పిలిచేది. జపం కాదు. చేలో ఉన్నవాణ్ణి అన్నానికి పిలిచే గొంతు అది. నేను పక్కన కూర్చుని విన్నాను.

ఆ యుద్ధంలో దాదాపు 1,70,000 మంది భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేర్చారు. ఎయిర్ ఇండియా వరసగా వందల సార్లు ఎగిరింది. వాళ్లలో మా నాయన ఒకడు. ఇరాక్ ఎడారి దాటి, అమ్మాన్ చేరి, బొంబాయిలో దిగి, మద్రాసు రైలెక్కి కడపలో దిగాడు. గడ్డం పెరిగి, చేతిలో ఒక సంచి. అందరూ చుట్టూ చేరి ఎట్లా వచ్చినావంటే ఎట్లా వచ్చినావని అడుగుతుంటే జేజి ఒక్కటే మాట అంది. “పిలిచినా. వచ్చినాడు.” విమానాలు నడిపినవాళ్ల పుణ్యం నేను మరచిపోలేదు. కానీ ‘ఆక్సియో’ అనే మాట కింద లాటిన్ అర్థం రాసేటప్పుడు, పాపకు నేను చెప్పిన ఉదాహరణ మా జేజిది.

పిలవడం మా ఊరికి పాత విద్య. కడప నవాబు కొలువులో పనిచేసే ఇమాంబేగ్ అనే అధికారి ఒకసారి ఈ గుడికి వచ్చాడట. మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగాడట. మనసు పెట్టి పిలిస్తే పలుకుతాడని అక్కడివాళ్లు చెప్పారు. అతను మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ లోపలి నుంచి ‘ఓ’ అని వినపడింది. మా వైపు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పొలంలో నుంచైనా, పెరట్లో నుంచైనా మేం అనే ‘ఓ’నే అది. గుడికి నీళ్ల కోసం అతను బావి తవ్వించాడు. ఇమాంబేగ్ బావి అనే పేరుతో అది ఇప్పటికీ ఉంది. ఏ భాషలో పిలిచాడో, ఏ మంత్రం చదివాడో కథ పట్టించుకోలేదు. పలికినవాడు మాత్రం తెలుగులో పలికాడు, అదీ మా ఊరి తెలుగులో.

మనసు పెట్టి అన్న మాట రౌలింగ్ దగ్గరా ఉంది. అయిదో పుస్తకంలో కోపంతో ఊగిపోతూ హ్యారీ ‘క్రూసియో’ అంటాడు. అనుకున్నంత పని చేయదు. ఆ మంత్రాలు నిజంగా కోరుకుంటేనే పారతాయని శత్రువే అతనికి చెబుతుంది. లాటిన్ సరిగ్గా పలికినా చాలదన్నమాట. గజేంద్రుడికి అసలు పలకడానికి మంత్రమే లేదు. మడుగులో మొసలి పట్టిన ఏనుగు, ఉన్నాడో లేడో అని సందేహపడుతూనే, ఆ సందేహాన్ని కూడా దాచుకోకుండా పిలుస్తుంది. పోతన ఆ పిలుపును తెలుగులో పెట్టాడు. అయిదొందల ఏళ్ల తర్వాత కూడా చదువు రానివాళ్లకు నోటికి వస్తుంది. పోతన ఓరుగల్లువాడని తెలంగాణవారు, ఏకశిలానగరమంటే మా ఒంటిమిట్టే అని మేమూ పోట్లాడుకుంటూనే ఉన్నాం. పోట్లాట ఆగకూడదనే నా కోరిక. ఒక కవి మావాడంటే మావాడని రెండు సీమలు లాక్కోవడం కంటే ఆ కవికి ఇంకేం కావాలి?

అయితే తెలుగులో మంత్రాలు కట్టాలంటే ఎక్కడికి పోవాలి? హిందీవారు సంస్కృతానికి పోయారు. ఇంగ్లీషుకు లాటిన్ ఎలాగో మనకు సంస్కృతం అలాగ అనిపించడం సహజం. నేను ఒప్పుకోను. సంస్కృతం మనకు అంత దూరం కాదు; పెళ్లిలో, పూజలో, పాఠంలో రోజూ వింటాం. పింగళి నాగేంద్రరావు ఇంకో దారి చూపించాడు. 1951 నాటి పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడి నోట ‘డింభక’ పలికించాడు. సంస్కృతంలో పసివాడు అనే మెత్తని అర్థమున్న మాట ఎస్వీ రంగారావు గొంతులో మారణహోమమైపోయింది. 1957 నాటి మాయాబజార్‌లో తల్పం పక్కన గిల్పాన్ని, కంబళి పక్కన గింబళిని పుట్టించాడు. మాటలు ఎవరో ఒకరు పుట్టిస్తేనే పుడతాయని ఘటోత్కచుడి చేతే చెప్పించాడు. ఆ సినిమాలు తీసిన విజయా సంస్థ నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లావాడు. 1947 జూలైలో చందమామను మొదలుపెట్టినవాళ్లలోనూ ఆయన ఒకడు. తెలుగు పిల్లలకు మంత్రగాళ్లను పంచిపెట్టినవాళ్లలో మా జిల్లా మనిషి ఉన్నాడని పాపకు చెబితే, ఆ మాటను నోటుపుస్తకం అట్ట మీద రాసుకుంది.

ఇంకో దారి కూడా ఉంది. అదీ కడప జిల్లాలోనే. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల అనే ఊరుంది. ఇప్పటికి దొరికిన పూర్తి తెలుగు శాసనాల్లో మొదటిదని చెప్పుకునేది అక్కడి చెన్నకేశవస్వామి గుడి దగ్గర దొరికింది. రేనాడును ఏలిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది, క్రీ.శ. 575 ప్రాంతానిది. అందులోని తెలుగు ఇప్పుడు చదివితే మనదేనని తెలుస్తుంది గానీ నోరు తిరగదు. ‘ఏళన్’ అంటే ఏలుతూ ఉండగా. రోమ్ వీధుల లాటిన్ ఇంగ్లీషు పిల్లవాడికి ఎంత దూరమో, ఈ రేనాటి తెలుగు మా పాపకు అంత దూరం. పైగా ఇది తన జేజి వాళ్ల భాష. నా ఓటు దీనికే.

ధనంజయుడి వంశమైన రేనాటి చోళుల శాసనాల్లో ఒక అక్షరం ఉండేది: ఴ. ‘చోఴ’ అని అందులో రాసేవాళ్లు. తర్వాత ఆ ధ్వని మన నోళ్లలోంచి పోయింది, అక్షరమూ పోయింది. చాలాచోట్ల ‘డ’ అయింది. చోఴులు చోడులయ్యారు. తమిళంలో ‘కోఴి’, మనకు కోడి. వాళ్లకు ‘ఏఴు’, మనకు ఏడు. ఈ సంగతి వినగానే పాప కళ్లు మెరిశాయి. పోయిన అక్షరమంటే దానికి అంతకు మించిన మంత్రం లేదు. ఎలా పలకాలని అడిగితే నేను ప్రయత్నించాను గానీ నా నోట ‘ళ’నే వచ్చింది. మర్నాడు బడి నుంచి వస్తూనే సరిగ్గా పలికింది. క్లాసులో దాని స్నేహితురాలు కోఴికోడ్ పిల్ల. తన ఊరి పేరులోనే ఆ అక్షరం ఉంది. నాలుకను వెనక్కి మడిచి, ఎక్కడా తగలనీయకుండా ఎలా ఆపాలో మధ్యాహ్నం అన్నం వేళ నేర్పిందట.

ఇప్పుడు నోటుపుస్తకంలో మూడో వరస మొదలైంది. దీపానికి, పిలుపుకు, నిద్రకు సొంత మంత్రాలు కడుతోంది. ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒకచోట ఴ ఉండాలని పట్టుదల. కొన్ని బాగున్నాయి, కొన్నింటికి నేను ఒప్పుకోలేదు, వాదన నడుస్తోంది. వేసవి సెలవులకు ఊరికి పోయినప్పుడు కలమళ్ల చూడాలంటుంది. మా అమ్మ ఫోన్‌లో, “ముందు ఒంటిమిట్టకు పోయి టెంకాయ కొట్టల్ల, ఆ తర్వాత యాడికైనా పోండి” అంది. కడప నుంచి ఎర్రగుంట్లకు బస్సులున్నాయి. దారిలో తినడానికి ఏం చేసి పెట్టాలో కూడా అప్పుడే అడిగింది.